మొదటి బిందె

కామాటిపుర, మన చాల్,
ఆగస్టు, బుధవారం పొద్దున.

నోరు మూతపడిన మా మరదలు శాంతాబాయికి, నీ వదిన గంగాబాయి రాయునది.

ఇక్కడ మేమంతా బాగున్నాము. నువ్వు బాగాలేవని తెలుసు కనుక అక్కడ ఎలా ఉన్నావని అడగను.

నీకు మెలకువ వచ్చిందని, గొంతులో గొట్టం పెట్టినందువల్ల మాట రావడం లేదని రేణుక చెప్పింది. "గంగత్తా, శాంతత్త గాలిల రాసి చూపిస్తున్నది. నర్సులకు సమజ్ కాలే, నాకైంది. కాగితం అడుగుతున్నది" అంటూ మెట్లెక్కి పరుగెత్తుకొచ్చింది. మన కింది గదిలో ఉండే ఈ పాలమూరు పిల్ల నీ వార్డులోనే ఆయా కావడం మన అదృష్టం. లోపలికి వెళ్లే పాస్ ఒక్కటే, అది నీ కొడుకు తుషార్ జేబులో ఉంటుంది. ఫోన్లు లోపలికి రానివ్వరు, రానిచ్చినా నువ్వేం మాట్లాడతావు? అందుకే ఉత్తరం.

మనిద్దరం మున్సిపాలిటీ తెలుగు బడిలో చదివిన చదువు ఇన్నాళ్లకు పనికొచ్చింది. తుషార్‌కు, వాడి పిల్లలకు మరాఠీ తప్ప మన అక్షరం ఒక్కటీ రాదు. ఎవరి మీద ఏం రాసుకున్నా భయం లేదు. నోటితో ఎలా తిట్టినా, కాగితం మీద మాత్రం పంతులు నేర్పిన తెలుగే రాస్తాను.

నువ్వు మా తమ్ముడిని కట్టుకుని వచ్చిన నాటి నుంచి, ఒక్క రోజు దీని నోరు మూయించు తల్లీ అని పోచమ్మను వేడుకుంటున్నాను. ఆమె ఆలస్యంగా విన్నది, విన్నప్పుడు కాస్త ఎక్కువగానే విన్నది.

వానకు గల్లీ మునిగితే బుద్ధి ఉన్నవాళ్లు మెట్ల మీద కూర్చుంటారు. నువ్వేమో "నా బిందె పోతున్నది, పట్టుండ్రి" అని అరుచుకుంటూ నడుము లోతు నీళ్లలో ఫాక్‌లాండ్ రోడ్డు దాకా పోయావు. ఆ నీళ్లలో ఎలుకలు పోసిన ఉచ్చ నీ కాలి పగుళ్ల గుండా ఒంట్లోకి పోయిందట. ఎలుకకు వచ్చింది, నీకు ఆగింది. డాక్టరు తుషార్‌కు చెప్పిందేమిటంటే, నీ కిడ్నీలు చచ్చిపోలేదు, పడుకున్నాయట. లేవవచ్చు, లేవకపోవచ్చు. లేచేదాకా మిషన్ నీ నెత్తురు బయటికి తీసి కడిగి లోపలికి పంపుతుంది. మామూలు రోగులకైతే కొన్ని గంటల్లో కడిగేస్తారట. నీ బీపీ అంత దూకుడుకు తట్టుకోదు కనుక రోజంతా మెల్లగా కడుగుతున్నారు. నువ్వు ఇంట్లో గిన్నెలు కడిగే పద్ధతి వాళ్లకెవరు చెప్పారో.

నీ బిందె దొరికింది. ఫోరస్ రోడ్డులో చెప్పులు కుట్టే ఎల్లయ్య దుకాణం మెట్టుకు తట్టుకుని ఆగింది. గీత కూడా పడలేదు. రోజూ పొద్దున నల్లా దగ్గర వరుసలో దాన్నే మొదట పెడుతున్నాను. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే కదా మన చాల్‌లో.

ఇంకొకటి. నీకు ఉచ్చ వస్తే నువ్వు మిశ్రీ మానేస్తావని పోచమ్మకు మొక్కుకున్నాను. పళ్లకు ఆ నల్లటి పొగాకు పొడి రుద్దుకోవడం ఇక బంద్.

ఇట్లు,
అప్పుడప్పుడు నీ మేలు కోరే
గంగ


పెద్దాసుపత్రి, కిటికీ లేని మూల,
ఆగస్టు చివర.

గంగవదినకు శాంత రాయునది.

పడుకునే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే నవ్వకు, నీవి ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఇలా ఉంటాయి.

నా మిశ్రీ మీద మొక్కుకోవడానికి నువ్వెవరు? అంత భక్తి ఉంటే నీ ఛాయ్ మీద మొక్కుకో. పొద్దున లేచి ముఖం కడగకముందే గ్లాసు పట్టుకుంటావు కదా, అది మానెయ్యి చూద్దాం. ఒకరి నోటి మీద ఇంకొకరు మొక్కుకోవడం ఏ ఊరి ఆచారం?

ఇక్కడ నీళ్లు ఇవ్వరు. దూది తడిపి పెదవులకు అద్దుతారు, అంతే. నల్లా దగ్గర చాల్ మొత్తంతో కొట్లాడి బిందెలు నింపినదాన్ని, ఇప్పుడు తడి దూది కోసం సిస్టర్ ముఖం చూస్తూ పడుకుంటున్నాను. ఆమె పేరు శీతల్. మంచి పిల్లే గానీ దూదిని గట్టిగా పిండి మరీ తెస్తుంది.

మిషన్ నా తల పక్కనే ఉంటుంది. పొద్దున తగిలిస్తే సాయంత్రం దాకా గుర్‌గుర్‌మంటూ తిరుగుతుంది. మెడలో పెట్టిన గొట్టంలో నా నెత్తురు నాకే కనపడుతూ పోతుంది, వస్తుంది. బయట తిరిగి చల్లబడి వస్తుందట, చలికాలంలో కూడా దుప్పటి కప్పుకోనిదాన్ని రెండు కప్పుకుంటున్నాను. కాస్త కదిలితే చాలు, మిషన్ నీలాగే అరుస్తుంది.

ఆయన తింటున్నారా? నువ్వు వండింది తింటున్నారా అని అడుగుతున్నాను, అది వేరే ప్రశ్న.

నేను కూడా పోచమ్మకు మొక్కుకున్నాను. నీ మీదే. ఏమిటో చెప్పను, నాకు వచ్చిననాడు తెలుస్తుంది.

శాంత


కామాటిపుర,
సెప్టెంబరు, గణపతి నిమజ్జనం మరునాడు.

మొక్కులు దాచుకునే మరదలికి గంగ రాయునది.

నీ ఉచ్చ మన చాల్‌లో పెద్ద విషయం అయిపోయింది. పొద్దున సందాసు దొడ్డి దగ్గర లైన్‌లో నిలబడిన వాళ్లు గుడ్ మార్నింగ్ బదులు "శాంతక్కకు అచ్చిందా?" అని అడుగుతున్నారు. కూరగాయల బండివాడు మరాఠీలో అడిగాడు. తుషార్ సిగ్గుతో తల దించుకుని నడుస్తున్నాడు.

నిన్న రాత్రి హారతి వేళ మండలి పెద్ద బాలనర్సయ్య మైకు అందుకున్నాడు. "మన శాంతాబాయి దవాఖానల ఉన్నది. ఆమెకు జల్ది మూత్రం రావాలె. అందరు చేతులు ఎత్తుండ్రి, గణపతి బప్పా..." అన్నాడు. గల్లీ గల్లీ అంతా "మోర్యా!" అని అరిచింది. గ్రాంట్ రోడ్ స్టేషన్ దాకా వినపడి ఉంటుంది. ఇంత పేరు ఏ మంత్రికీ రాదు.

మా తమ్ముడు తింటున్నాడు. నేను వండిందే తింటున్నాడు. కాకపోతే మధ్యాహ్నం అయ్యేసరికి ఆసుపత్రికి పోయి గేటు బయట నిలబడి వస్తాడు. "బుచ్చన్నా, పాస్ లేంది లోపటికి పోనియ్యరు గద, ఎందుకు పోతవ్" అంటే, "గోడ ఇవతల ఉన్నా గింత దగ్గరే గద అక్కా" అంటాడు. నిన్ను చేసుకున్నప్పటి నుంచి వాడి తెలివి ఇలాగే ఉంది.

నీ బిందె మొదటి చోటే ఉంది. దాన్ని నింపి నీ గది ముందు పెడుతున్నాను.

నీ మొక్కు ఏమిటో చెప్పు. నాకు నిద్ర పట్టడం లేదు.

గంగ


పెద్దాసుపత్రి,
సెప్టెంబరు చివర.

వదినా,

ఈసారి నవ్వించే సంగతులు లేవు.

మొన్న గొట్టంలో నెత్తురు గడ్డకట్టింది. మిషన్ అరిచింది, అందరూ పరుగెత్తుకొచ్చి మొత్తం మార్చారు. జ్వరం మళ్లీ వచ్చింది. పక్క మంచం మీది ముసలామె రోజూ నాకు కళ్లతోనే నమస్తే చెప్పేది. నిన్న పొద్దున ఆ మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది.

ఉచ్చ పట్టే సంచీ నా మంచానికి వేలాడుతుంది. శీతల్ రోజూ వంగి చూస్తుంది. లేచి నా వైపు చూసి నవ్వుతుంది. ఆ నవ్వు చూస్తేనే తెలిసిపోతుంది, ఏమీ లేదని.

నా వల్ల కావడం లేదు. ఈ చలి, ఈ దాహం, తుషార్ గాజు తలుపు అవతల నిలబడి ముక్కు తుడుచుకోవడం. సిస్టర్ నాకు ఒక పలక ఇచ్చింది. దాని మీద మరాఠీలో "బస్ ఝాలా" అని రాసి డాక్టరుకు చూపిస్తాను. ఇక చాలు, మిషన్ వద్దు అంటాను. తుషార్‌కు నేను చెప్పలేను, వాడు ఏడుస్తాడు. ఆయనకు నువ్వే మెల్లగా చెప్పు. నువ్వు చెబితే ఆయన వింటారు.

నా బిందె రేణుకకు ఇవ్వు. పాపం, ప్లాస్టిక్ డబ్బాతో మోస్తున్నది. నా పెళ్లిలో మా అమ్మ పెట్టిన ఇత్తడి బిందె అది, పారేయడానికి మనసు రాదు.

నిన్ను చాలా తిట్టాను. నువ్వూ తక్కువ తిట్టలేదు.

శాంత


కామాటిపుర,
నీ ఉత్తరం అందిన పూట.

శాంతా,

సరే. పో.

నీ ఇష్టం నీది. నేను ఆపను, నాకు మోకాళ్ల నొప్పి, ఆసుపత్రి దాకా వచ్చి నీ కాళ్లు పట్టుకోలేను. పోతే ఇక్కడ ఏమేం జరుగుతాయో మాత్రం తెలుసుకుని పో.

ఇవాళ పొద్దుననే నీ బిందెను నల్లా వరుసలో నుంచి తీసేశాను. నా నీలం బకెట్‌ను మొదట పెట్టాను. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇన్నేళ్లు నీ నోటికి భయపడి రెండో చోట నిలబడ్డాను, మొదటి చోటు ఎంత హాయిగా ఉందో ఇప్పుడు తెలిసింది.

నీ ఎర్రంచు చీర నేనే కట్టుకుంటాను. జాకెట్టు పట్టదు, కుట్లు విప్పి వదులు చేయించుకుంటాను. బతుకమ్మకు ఈసారి పాట నేనే ఎత్తుకుంటాను. నా గొంతు ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఆడవాళ్లంతా చెవులు మూసుకున్నా సరే, ఆఖరి పాట దాకా వదలను.

బిందె రేణుకకు ఇవ్వను. దాని అడుగున చిల్లు పొడిపించి, మన్ను పోసి, తులసి మొక్క పెడతాను. మీ అమ్మ పెట్టిన బిందెలో నా తులసి పెరుగుతుంది. రోజూ నీళ్లు పోసి నీ పేరు తలుచుకుంటాను.

ఇష్టం లేకపోతే వచ్చి ఆపుకో.

నీ కాగితంలో ఏముందో మా తమ్ముడికి చెప్పలేదు. అడిగితే, ఉప్పు చేపల పులుసు ఎలా చేయాలో రాసిందన్నాను. వాడు ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని, అక్షరాలు రానివాడు, చాలాసేపు చూసి, మడత పెట్టి నాకు ఇచ్చాడు.

గంగ


పెద్దాసుపత్రి,
అక్టోబరు మొదట్లో.

సిగ్గులేని వదినకు,

నా బిందెకు చిల్లు పొడిస్తే నీ చెయ్యి విరగ్గొడతాను.

నీ ఉత్తరం చదువుతుంటే మిషన్ అరవడం మొదలుపెట్టింది. బీపీ పెరిగిందట. ఇన్నాళ్లూ పడిపోతుందనే వాళ్ల భయం, ఈ పెరగడం కొత్త. శీతల్ వచ్చి "ఆజీ, కాయ్ ఝాలా, ఏమైంది? ఎవరి మీద ఇంత కోపం?" అని అడిగింది. పలక మీద "నణంద్" అని రాశాను. ఆమెకు కూడా ఆడబిడ్డ ఉందట. ఇంకేం అడగలేదు.

ఎర్రంచు చీర ముట్టుకోకు. నీ నడుముకు అది పక్క మీద దుప్పటిలా ఉంటుంది. పాట ఎత్తుకోవడమా? పోయినసారి నువ్వు గొంతు కలిపితేనే బాలనర్సయ్య మనవరాలు ఏడ్చింది.

డాక్టరుకు ఇంకా పలక చూపించలేదు. బతుకమ్మ పోనీ అనుకుంటున్నాను. నీ నీలం బకెట్‌ను ఫోరస్ రోడ్డు దాకా తన్నడానికి ఒంట్లో ఎంత సత్తువ కావాలో అంత వచ్చేదాకా ఈ చలి ఓర్చుకుంటాను. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత.

నిన్న కుర్చీలో కూర్చోబెట్టారు. కాసేపే. నిన్ను తిట్టుకుంటూ కూర్చున్నాను, సమయం తెలియలేదు.

శాంత


కామాటిపుర,
సద్దుల బతుకమ్మ మరునాడు.

పాటల పెత్తందారుకు గంగ రాయునది.

బతుకమ్మ బ్రహ్మాండంగా జరిగింది. బంతిపూలు ఈసారి బాగా దొరికాయి. పాట నేనే ఎత్తుకున్నాను. అందరూ మెచ్చుకున్నారు. తుషార్ కూతురు ప్రణాలి ఫోన్‌లో తీసింది, నీకు చూపించడానికి వీల్లేదు కనుక నా మాట నమ్మాల్సిందే. నీ ఎర్రంచు చీర నాకు చక్కగా నప్పింది.

బిందెకు చిల్లు పడింది. తులసి విత్తనాలు తేవాలి.

అక్కడ ఎలా ఉంది? ఈ ఒక్కసారికి అడుగుతున్నాను, అలవాటు చేసుకోకు.

గంగ


పెద్దాసుపత్రి,
అక్టోబరు, మంగళవారం.

వదినా,

వచ్చింది.

పొద్దున శీతల్ ఎప్పటిలాగే వంగి చూసింది. లేవలేదు. అలాగే వంగి ఉంది. నేను మంచం మీద చెయ్యి కొట్టి, ఏమైంది అని సైగ చేశాను. ఆమె సంచీని వెలుతురులోకి ఎత్తి పట్టుకుంది. అడుగున రవ్వంత, ముదురు ఛాయ్ రంగులో. వార్డు అవతలి నుంచి రేణుక చీపురు పారేసి పరుగెత్తుకొచ్చింది. పెద్ద డాక్టరు వచ్చాడు, చిన్న డాక్టర్లు వచ్చారు. ఇంతమంది మగవాళ్లు నా ఉచ్చ చుట్టూ నిలబడి సంతోషపడటం చూస్తే నవ్వు వచ్చింది, నవ్వితే గొట్టంలో నుంచి గాలి ఈల వేసింది.

అది వారం కిందటి మాట. ఊరికే ఆశపడకూడదని వెంటనే రాయలేదు. ఆ తర్వాత రోజూ కొంచెం పెరిగింది. మిషన్ రోజు విడిచి రోజు చేశారు. మొన్నటి నుంచి అసలు తగిలించలేదు. నా తల పక్కన గుర్‌గుర్ లేక నిద్ర పట్టలేదంటే నమ్ముతావా?

ఇప్పుడు నీ సంగతి చూద్దాం. నీ నీలం బకెట్ ఎప్పుడూ రెండో చోటే ఉందని, నా బిందె ఒక్కనాడు కూడా మొదటి చోటు విడవలేదని రేణుక నాకు ఎప్పటికప్పుడు చెప్పింది. బతుకమ్మ దగ్గర ఆడవాళ్లు నిన్ను పాడమంటే, "దాని పాట నేనెట్ల పాడుత? అచ్చినంక అదే పాడుతది" అని మూల కూర్చున్నావట. చీర పెట్టెలోనే ఉందట. ఛాయ్ కూడా మానేశావట కదా. ఎవరి కోసం?

అన్నీ తెలిసీ కోపం తెచ్చుకున్నాను. నువ్వు అంత కష్టపడి అబద్ధాలు రాస్తుంటే, నమ్మకపోతే బాగుండదనిపించింది. కోపం మాత్రం అబద్ధం కాదు. అదే లేకపోతే పలక చూపించేదాన్ని. ఒక్క చిల్లు సంగతే అర్థం కాలేదు. రేణుకను అడిగితే, "బిందె సంగతి నాకెర్క లేదత్తా, గని పొద్దుగాల మెట్లన్ని తడితడి ఉంటున్నయి. గంగత్త ఒలకబోస్తున్నదని అందరు గల్లీల తిడుతున్నరు" అన్నది. ఆ మోకాళ్లతో నీకు బిందె ఎత్తుకోవడం ఎందుకు?

నా మొక్కు ఇప్పుడు విను. నేను ఇంటికి వచ్చిననాడు పొద్దు పొడిచింది మొదలు సాయంత్రం దీపం పెట్టేదాకా గంగవదిన నోరు విప్పకూడదు. ఒక్క మాట కూడా. పోచమ్మకు మాట ఇచ్చాను. ఎగ్గొడితే పాపం నీది.

శాంత


కామాటిపుర, నీ ఎదురుగా, గడప పక్కన,
నవంబరు, నువ్వు ఇంటికి వచ్చిననాడు.

రాక్షసీ,

మన మధ్య రెండు జానల దూరం ఉంది, అయినా కాగితం మీద రాయించావు. నువ్వేమో గొట్టం తీసిన గొంతుతో, బొంగురుగా, పొద్దుటి నుంచి ఆగకుండా వాగుతున్నావు. నా పులుసు బాగాలేదన్నావు, నీ గది సరిగా ఊడ్వలేదన్నావు, తమ్ముడు చిక్కిపోయాడన్నావు. చాల్ ఆడవాళ్లంతా గుమ్మంలో నిలబడి నా ముఖం చూసి నవ్వుతున్నారు. ఒక్కదానికీ జవాబు చెప్పలేక నా కడుపు ఉబ్బిపోతోంది. నీ మిశ్రీ డబ్బా ఎక్కడ అని నాలుగుసార్లు అడిగావు. పోచమ్మ గుడి ముందు వదిలి వచ్చాను, వెతకకు.

ఇంతకుముందు బిందెను ఒళ్లో పెట్టుకుని తిప్పి చూశావు. అడుగు చూశావు. "నిజంగనే పొడిచినవా?" అన్నావు. నీ కళ్లలో నీళ్లు తిరిగాయి, అందుకని దీపం పెట్టేదాకా ఆగకుండా ఇది రాస్తున్నాను.

నేను పొడవలేదు. వాననాడు అది రోడ్డుకు రాసుకుంటూ పోయి, ఎల్లయ్య దుకాణం దగ్గర దొరికేసరికే అడుగు అతుకు విడిపోయి ఉంది. నువ్వు ప్రాణం మీదికి తెచ్చుకున్న బిందె చిల్లుబడి దొరికిందని రాయడానికి చెయ్యి రాలేదు. గీత పడలేదని రాశాను. ఎప్పటికైనా నీ కంట పడుతుందని తెలుసు. నీకు కోపం తెప్పించాల్సి వచ్చిననాడు ఆ నేరం నా మీదే వేసుకున్నాను, అబద్ధంతో పని జరిగితే మంచిదే కదా.

ఎల్లయ్య ఆ రోజే అన్నాడు, "అక్కా, ఇటియ్యి, మాటు ఏపిచ్చుకొస్త" అని. నేను ఇవ్వలేదు. నవ్వకు. నీకు ఆగిపోయింది. ఆసుపత్రి అంతా అది కారాలని చూస్తుంటే, ఇక్కడ కారుతున్న దాన్ని నా చేతులతో ఎలా మూయించను? నీ బిందె కారినన్నాళ్లూ నీకూ ఎప్పుడో ఒకనాడు వస్తుందని పిచ్చి నమ్మకం పెట్టుకున్నాను. రోజూ మొదట దాన్నే నింపాను. మెట్లెక్కి నీ గది ముందుకు చేర్చేసరికి సగమే మిగిలేది. మెట్లు తడిపానని తిట్టారు, పడ్డాను. ఇంత వయసు వచ్చి నీళ్లు మోయడం రాదన్నారు, పడ్డాను. ఎవరికీ చెప్పలేదు, చెబితే మాటు వేయించేస్తారని.

చాలా భయపడ్డాను శాంతా. నువ్వు "బస్ ఝాలా" అని రాసిన కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. నువ్వు లేకపోతే నేను ఎవరితో పోట్లాడాలి? ఈ మాట నోటితో ఎప్పటికీ చెప్పను. అడిగినా చెప్పను.

చీకటి పడుతోంది. ఇక లేచి దీపం వెలిగిస్తాను. దీపం వెలగగానే ఛాయ్ పెడతాను, ఒకటే అరగ్లాసు కటింగ్, గ్లాసు నాకు, సాసరులో కాస్త నీకు. డాక్టరు చెప్పిన కొలత దాటనివ్వను. పొద్దుటి నుంచి నువ్వు అన్నవాటికి అన్నిటికీ అప్పుడు జవాబు చెబుతాను, ఒక్కటీ మరిచిపోలేదు.

రేపు ఎల్లయ్య దగ్గరికి పోయి నువ్వే మాటు వేయించుకో. ఇప్పుడు నాకు భయం లేదు. మెట్లు చూసుకుని దిగు, పొద్దున కూడా నింపాను, ఇంకా తడిగానే ఉన్నాయి.

గంగ